కుంభం మనిషి పడుకున్నాడు

ఆటలో తెల్లారడం లేదు.

బయట మిట్టమధ్యాహ్నం. బస్సుల షెడ్డు రేకులు పెనంలా కాగుతున్నాయి. విశ్రాంతి గదిలో ఫ్యాను గాలి పుట్టించే ప్రయత్నం ఏనాడో మానుకుని, ఉన్న వేడినే అందరికీ సమానంగా పంచిపెడుతోంది. ఫోనుల్లో మాత్రం చిమ్మచీకటి. బెంచీల మీద కూర్చున్న మగవాళ్ళంతా ఆ చీకట్లోకి కళ్ళు చికిలించుకుని చూస్తున్నారు.

"ఎవడ్రా ఇంకా పడుకోనిది?" అని అరిచాడు స్పానరు. మెకానిక్కుల్లో పెద్దవాడు. చేతిలో స్పానరు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు గనక అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"ఇంకెవడు? కుంభం మామే. మేడమీద దిష్టిబొమ్మలా నిలబడ్డాడు," అన్నాడు టైర్లవాడు. తలుపు మూసి ఉన్న మంచాల గది వైపు తిరిగి గొంతు పెంచాడు. "మామా! నువ్వు తర్వాత పడుకుందువు గాని, ముందు నీ మనిషిని పడుకోబెట్టు!"

మంచాల గదిలోంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఉండడానికి అక్కడ కుంభం ఉంటే గదా.

ఆ సంగతి చెక్కగోడకి ఇవతల కూర్చున్న కండక్టరమ్మకి తెలుసు. ఆడవాళ్ళ గది అని పేరేగానీ అది ఒకప్పటి పాత టైర్ల కొట్టు. షెడ్డు మొత్తానికి ఆడ కండక్టరు తనొక్కతే గనక ఆ గదీ, ఆ రబ్బరు కంపూ పూర్తిగా ఆమె సొంతం. ఒళ్ళో తన ఫోను, చేతిలో కుంభం ఫోను. కాసేపటి క్రితమే డ్యూటీలు వేసే కంట్రోలరు ఆమెను తన అద్దాల గదిలోకి పిలిచి, ఆ ఫోను చేతిలో పెట్టాడు.

"వాడు చిన్న పని మీద వెళ్ళాడమ్మా. వాడి మనిషిని కాస్త కనిపెట్టుకో. నువ్వు ఆడుతున్నట్టు ఎవడికీ చెప్పకు. చెబితే ఒక్కొక్కడూ నాదీ ఆడిపెట్టు అంటాడు."

చిన్న పని ఏమిటో ఆమె అడగలేదు. కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. యజమాని చుట్టాలనెక్కించుకుని వెనక గేటులోంచి వ్యాను వెళుతోంది. స్టీరింగు ముందు కుంభం. ఉదయం నుంచి బస్సు నడిపి అప్పుడే దిగాడు. ఇది పడుకోవాల్సిన వేళ. సాయంత్రం మళ్ళీ బస్సెక్కాలి. వ్యాను వెళ్ళినట్టు గేటు దగ్గర ఎవరూ రాసుకోలేదు. బండి నడిపేవాడి దగ్గర ఫోను ఉండకూడదన్న నియమం ఒకటుంది. అదొక్కటీ మాత్రం కంట్రోలరు చక్కగా పాటించాడు.

వాళ్ళాడేది శవాలాట. చచ్చినవాళ్ళు లేచి ఊరంతా తిరుగుతుంటారు. బతికున్నవాళ్ళు ఒక పాడుబడ్డ బడిలో చేరి, కిటికీలకు చెక్కలు కొట్టి, దాన్ని కోట అనుకుంటారు. ఒక్కొక్కరికీ ఒక్కో మనిషి. వాడికి ఆకలి, దాహం, దెబ్బలు, భయం, అన్నీ ఉంటాయి. అన్నిటికంటే పెద్ద గండం నిద్ర. మోసే బరువు ఎక్కువైనా, పరుగెత్తినా మనిషి అలిసిపోతాడు. తెర అంచులు నల్లబడతాయి, గొడ్డలి గురి తప్పుతుంది. చివరికి నిలబడ్డచోటే కూలిపోతాడు, అది శవాల నడిమధ్యైనా సరే. పోనీ ఆటగాడు ఫోను పక్కన పెట్టి వెళ్ళిపోతే మనిషి మాయమవుతాడా అంటే, అదీ లేదు. వదిలినచోట వదిలినట్టే నిలబడి ఉంటాడు. కోటలో అందరూ పడుకుంటేనే రాత్రి గబగబా దొర్లుతుంది. ఒక్కడు మేలుకున్నా అది నత్తలా పాకుతుంది.

కండక్టరమ్మ కుంభం మనిషిని మేడ దింపింది. మెట్ల దగ్గరే వాడు తూలాడు. వీపున మూట చూస్తే ఆమెకు నవ్వొచ్చింది, జాలీ వేసింది. సుత్తి, మేకులు, ఎవరివో బియ్యం, ఎవరిదో నీళ్ళ డబ్బా, ఇంకెవరివో బూట్లు. మోయమన్నవన్నీ మోస్తూ తిరుగుతున్నాడు.

"నీలాగే ఉన్నాడు కదన్నా నీ మనిషి," అనుకుంటూ ఒక్కొక్కటీ దించి గోడవార పేర్చింది.

మంచం మీద పడుకోబెట్టింది. పడుకోలేదు. కాలు నొప్పట. చిరిగిన కట్టు విప్పి, శుభ్రం చేసి, కొత్తది కట్టి, మాత్ర మింగించింది. మళ్ళీ పడుకోబెట్టింది. భయంగా ఉందిట! కిటికీ బయట రెండు శవాలు తచ్చాడుతున్నాయి. దుప్పటి అడ్డంగా వేలాడదీసింది. బడబడమంటున్న జనరేటరు ఆపింది. అప్పుడు వాడు మోకాళ్ళు ముడుచుకుని పక్కకి తిరిగాడు. తలపైన నెలవంక గుర్తు వెలిగింది.

చెక్కగోడ అవతల కేక లేచింది.

"హమ్మయ్య! పడుకున్నాడు మహానుభావుడు!"

"కుంభం పడుకోవడం కూడా ఒక వార్తేనట్రా?" అన్నాడు స్పానరు. "ఒకప్పుడు ఆయన్ని కుట్టిన దోమలన్నీ నిద్రమత్తెక్కి గోడకి అతుక్కుపోయేవి. నేనే చీపురుతో ఊడ్చి డబ్బాలోకి ఎత్తాను. ఓసారి ఇంజను కింద పడుకుంటే ఇంజను కూడా స్టార్టవలేదు, తెలుసా? నిద్ర అంటుకుంది దానికి!"

అందరూ విరగబడి నవ్వారు. కుంభకర్ణుడి పేరులో సగం ఆయనకలా వచ్చిందే. ఈ మధ్య డ్యూటీ మీద డ్యూటీ పడి ఆయన పడుకోవడం ఎవరూ చూడలేదు, పేరు మాత్రం వదల్లేదు.

ఫోనుల్లో తెల్లారింది. ఆమె కుంభం మనిషిని లేపి, ఇన్ని గింజలు ఉడికించి పెట్టి, నాలుగు కట్టెలు కొట్టించి, అలిసిపోకముందే మళ్ళీ పడుకోబెట్టింది. మధ్యాహ్నమంతా అదే పని. ఎవరి బిడ్డనో ఉయ్యాలలో వేసి ఊపుతున్నంత శ్రద్ధగా చేసింది.

వ్యాను తిరిగొచ్చేసరికి ఎండ తగ్గింది. కుంభం నేరుగా పంపు దగ్గరికి వెళ్ళి, తల వంచి నీళ్ళ కింద పెట్టాడు. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. కండక్టరమ్మ వెళ్ళి పంపు కట్టేస్తేగానీ తల ఎత్తలేదు.

"నీ మనిషి దిట్టంగా ఉన్నాడన్నా. రెండు నిద్రలు తీశాడు. కళ్ళు తేటగా ఉన్నాయి."

"వాడైనా పడుకున్నాడు," అని నవ్వాడు. మొహం మీంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. "చుట్టాలు దారంతా పాటలు పెట్టించారు చెల్లెమ్మా. కొండెక్కించి దింపాక కూడా చెవుల్లో మోగుతూనే ఉన్నాయి."

"ఈ ట్రిప్పు నావల్ల కాదని కంట్రోలరుకి చెప్పు."

"చెప్పాను. నువ్వు దిగితే ఎక్కేదెవడు, నేనా, అన్నాడు. ఆయనకి సైకిలు కూడా రాదాయె."

బస్సు కదిలాక ఆమె టికెట్లు కొట్టడం ముందు వరసల్లో గబగబా ముగించి, వచ్చి అతని సీటు వెనక నిలబడింది. నిద్ర ముంచుకొచ్చే డ్రైవరుకి మాటే మందు. ఆ మందు ఎక్కించడం ఆమెకు కొత్త కాదు.

"వదిన ఏం వండింది ఇవాళ?"

"తిట్లు."

"అందులోకి నంజుకోడానికి?"

"నిన్నటి తిట్లు."

బాగానే ఉన్నాడనిపించింది. కాసేపటికి జవాబులు ఆలస్యమయ్యాయి. అడిగిందానికి కాకుండా అంతకుముందు అడిగిందానికి చెబుతున్నాడు. గేరు మార్చబోయి చేయి గాల్లో ఆగింది, ఎందుకెత్తాడో మరిచిపోయినట్టు. అద్దంలో చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి. ఇంట్లో దీపముంది, మనుషుల్లేరు.

"అన్నా, పక్కకి ఆపు. టీ తాగుదాం."

"సంత దాటాక," అన్నాడు.

సంత దగ్గర జనం విరుచుకుపడ్డారు. వెనక తలుపు దగ్గర ఎవరో టికెట్టు తీసుకోనని గొడవ. ఆమె వెళ్ళక తప్పలేదు. జనాన్ని తోసుకుంటూ మళ్ళీ సగం దూరం వచ్చేసరికి, బస్సు మలుపు తిరగాల్సిన చోట తిరగకుండా నిదానంగా, ఏ తొందరా లేకుండా, కాలిబాట ఎక్కింది. బ్రేకు చప్పుడు లేదు. మనుషులు ఒకరి మీద ఒకరు పడ్డారు. గోడ తగిలి అద్దం గలగలా రాలింది.

ఆమె దిగి ముందుకు పరుగెత్తింది. గోడకీ బస్సుకీ మధ్య ఒక మనిషి. గోడలకు రంగులు వేసుకునేవాడు, బస్సు కోసమే నిలబడ్డాడు. కుంచె ఇంకా చేతిలో ఉంది. డబ్బా పగిలి తెల్లరంగు కాలిబాట మీదుగా, చక్రం కిందుగా, మురిక్కాలువలోకి పోతోంది. అందులో ఎర్రగా ఒక చార కలిసి, కొంతదూరం పోయాక ఎరుపే మిగిలింది.

కుంభం స్టీరింగుకి ఛాతీ ఆనించుకుని ఉన్నాడు. అప్పుడే నిద్ర లేచినవాడి మొహం.

"ఏమైంది చెల్లెమ్మా?" అని అడిగాడు.

మర్నాడు షెడ్డులో ఫోనులు జేబుల్లోంచి బయటికి రాలేదు. రంగులాయన ఆసుపత్రికి చేరకముందే పోయాడు. కుంభానికి పక్కటెముకలు విరిగాయి. గేటు దగ్గర పోలీసు ఒకడు కుర్చీ వేసుకున్నాడు. మాట మాత్రం ఆ మూల నుంచి ఈ మూలకి పాకుతోంది.

"విశ్రాంతివేళంతా ఆడుతూనే ఉన్నాడు మామ," అన్నాడు టైర్లవాడు, చేతులకి గ్రీజు తుడుచుకుంటూ. "నా పక్కనే కట్టెలు కొట్టాడు. రెండుసార్లు తన మనిషిని పడుకోబెట్టాడు, తను పడుకోలేదు."

"పిచ్చివాడు. మంచమ్మీద పడుకుని కూడా ఫోను వదల్లేదు చూడు," అన్నాడు స్పానరు. అతని గొంతులో నిన్నటి వేళాకోళం లేదు. "ఒక్క గంట కళ్ళు మూసుకుని ఉంటే ఆ రంగులవాడు పెళ్ళాం దగ్గరికి పోయేవాడు."

అబద్ధం చెప్పేవాళ్ళు కారు. కళ్ళారా చూసిందే చెబుతున్నారు. కండక్టరమ్మ వెళ్ళి అద్దాల గది తలుపు తట్టింది.

"ఆడింది నేనని మీకు తెలుసు. ఆయన వ్యానులో ఉన్నాడని కూడా తెలుసు."

కంట్రోలరు చేతిలో పెన్ను కింద పెట్టాడు. చెడ్డవాడి మొహం కాదు అతనిది. నిద్రలేక ఉబ్బిన మొహమే.

"ఏ వ్యాను? ఏ గేటులోంచి? ఎవరు చూశారు?" అన్నాడు మెల్లగా. "ఫోను నీ చేతిలో ఉందంటే నువ్వు తీసుకున్నావు. నేనిచ్చానని ఎవడైనా చెబుతాడా? చూడమ్మా, వాడి విశ్రాంతి వాడు పాడు చేసుకున్నాడంటే తప్పు వాడొక్కడిదే. నోరు తెరిచావంటే అందులోకి నువ్వూ దిగుతావు. దిగినా వాణ్ణి పైకి లాగలేవు."

"మరి పైవాళ్ళతో మీరు చెప్పొచ్చుగా?"

"నన్నెవడు లాగుతాడు?" అన్నాడు. మళ్ళీ పెన్ను తీసుకున్నాడు.

విచారణకి కంపెనీ తరఫున ఒక పెద్దాయన వచ్చాడు. విశ్రాంతి గదిలో బెంచీలు గోడవారకు జరిపి బల్ల వేశారు. కుంభాన్ని ఆసుపత్రి నుంచి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఛాతీ చుట్టూ కట్టు, పక్కనే అతని భార్య. ఆమె కండక్టరమ్మ వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

స్పానరు చెప్పాడు. టైర్లవాడు చెప్పాడు. మంచాల గది తలుపు మూసే ఉందని ఊడ్చే ముసలమ్మ చెప్పింది. కంట్రోలరు ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఇంకెవరైనా?" అన్నాడు పెద్దాయన కళ్ళజోడు తీస్తూ.

కండక్టరమ్మ లేచింది. చీర కొంగు నడుముకి దోపుకుంది, రద్దీ బస్సులోకి దిగేటప్పుడు దోపుకున్నట్టే.

"ఆ మధ్యాహ్నం ఆడింది నేనండీ. వాళ్ళు చూసింది ఆటలో ఆయన మనిషిని. వాణ్ణి పడుకోబెట్టింది నేను. ఆయన వ్యాను నడుపుతున్నారు. వెనక గేటులోంచి వెళ్ళడం చూశాను. వచ్చాక నిద్ర లేకుండానే బస్సెక్కించారు."

స్పానరు నోరు తెరిచాడు. టైర్లవాడు తన అరచేతుల కేసి చూసుకున్నాడు. పక్కనే కట్టెలు కొట్టింది ఎవరో అతనికి అప్పుడే అర్థమైంది.

"వ్యాను ఎవరు పంపారు?"

"కంట్రోలరుగారు."

కంట్రోలరు నవ్వలేదు, కోప్పడలేదు. "డ్రైవరు ఎదురుగానే ఉన్నాడు కదండీ. అడగండి," అన్నాడు.

పెద్దాయన కుంభం వైపు తిరిగాడు. కుంభం తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది. భార్య అతని మోచేయి పట్టుకునే ఉంది.

"నేనే ఆడాను బాబూ," అన్నాడు. "ఆమెకి నేనంటే అభిమానం. అందుకని అలా చెబుతోంది."

"అన్నా!"

"కూర్చో చెల్లెమ్మా."

ఆమె కూర్చోలేదు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. విచారణ అయిపోయింది.

బయట ఆటో ఎక్కించేటప్పుడు ఆమె అడ్డం నిలబడింది.

"ఎందుకలా అన్నావు? ఎవరు చెప్పమన్నారు?"

జవాబు అతని భార్య చెప్పింది. "నిన్న ఆసుపత్రికొచ్చాడమ్మా మీ కంట్రోలరు. తప్పు తనదేనంటే వైద్యం కంపెనీ చూసుకుంటుంది, కాదంటే ఇప్పుడే మంచం ఖాళీ చేయించుకోండి అన్నాడు. ఊపిరితిత్తిలో ఎముక గుచ్చుకుంది. ఎక్కడికి తీసుకుపోను?"

"అదొక్కటే కాదు," అన్నాడు కుంభం. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటున్నాడు. "ఎవరు ఆడితేనేం చెల్లెమ్మా? స్టీరింగు పట్టుకున్నది నేనే గదా. రెప్ప వాలిందని నాకు తెలిసింది. ఒక మంచి నిద్ర తీయి, అనిపించింది. ఎంత హాయిగా ఉందో! ఆ హాయిలోనే వాడు పోయాడు. దాన్ని ఎవరి మీద పెట్టమంటావు?"

ఆటో కదిలింది. వెనక స్పానరు వచ్చి నిలబడ్డాడు. చేతిలో స్పానరుని ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

"నీకు పడుకోబెట్టడం బాగా వచ్చు అక్కా," అన్నాడు చివరికి. "మేమందరం నిజంగా ఆయనే అనుకున్నాం."

కొట్టినా ఆమెకంత నొప్పి పుట్టేది కాదు.

ఆమెను తీసెయ్యలేదు. తీసేస్తే ఆమె చెప్పింది నిజమనుకుంటారని కంట్రోలరుకి తెలుసు. నాలుగు రోజులు పోయాక అదే దారి, ఇంకో బస్సు, కొత్త డ్రైవరుతో వేశాడు. మీసాలు ఒత్తుగా పెంచినవాడు. పొరుగు షెడ్డు నుంచి అప్పు తెచ్చుకున్న మనిషి.

బస్సు షెడ్డులోనే నిండింది. మెట్ల మీద కూడా జనం. సాయంత్రపు ఎండ అద్దంలోంచి ఏటవాలుగా డ్రైవరు మొహాన పడుతోంది. అతను కళ్ళకి చేయి అడ్డం పెట్టుకోలేదు. అసలు ఎండ పడుతోందని తెలిసినట్టే లేడు. ఆమె విజిలు నోట్లో పెట్టుకుంది. మళ్ళీ తీసేసింది. జనాన్ని తప్పుకోమని ముందుకు వెళ్ళింది.

"ఎప్పుడు పడుకున్నావు తమ్ముడూ?"

"ఆఁ?"

"నిద్ర. ఎప్పుడు పోయావు?"

అతను ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "అక్కడ దిగి... ఇటు ఎక్కాను కదా," అన్నాడు. "మధ్యలో తిన్నాను."

ఆమె విజిలుని టికెట్ల సంచీలో వేసుకుని ఇంజను పక్క దిమ్మ మీద కూర్చుంది. కండక్టరు విజిలు వేయందే బస్సు కదలదు.

"ఏమైందమ్మా? కదలండి!" వెనకనుంచి కేకలు. "ఇంటికెళ్ళొద్దా? మాకూ పెళ్ళాం పిల్లలున్నారు!"

"రంగులాయనకీ ఉన్నారు," అంది. ఎవరికీ అర్థం కాలేదు. ఆమె గొంతు పెంచింది. "ఈ బాబు పడుకుని లేచాక కదులుతుంది బండి. తొందరున్నవాళ్ళు దిగొచ్చు. టికెట్టు డబ్బులు తిరిగిస్తాను."

"నిద్రపుచ్చడానికి టికెట్టెందుకు కొట్టావమ్మా, జోలపాడు!" ఎవరో అన్నారు. నవ్వులు.

కంట్రోలరు అద్దాల గదిలోంచి పరుగెత్తుకొచ్చి బస్సు పక్కన నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ అతను గొంతెత్తడం ఎవరూ వినలేదు.

"విజిలు వెయ్! వెయ్యకపోయావంటే రేపటి నుంచి నీకు ఈ షెడ్డులో నిలబడే చోటు కూడా ఉండదు! వినబడిందా? విజిలు వెయ్!"

"ఫరవాలేదక్కా, నేను నడిపేస్తా," అన్నాడు డ్రైవరు. "నాకేం నిద్ర రావట్లే—"

మాట పూర్తి కాలేదు. తల ముందుకి వాలి నుదురు స్టీరింగు మధ్యలో ఆనింది. హారన్ మోగింది.

ఒక్కసారి మోగి ఆగేది కాదు అది. షెడ్డు రేకులదిరేలా, ఏకబిగిన మోగుతోంది. కంట్రోలరు నోరు ఆడుతోంది గానీ ఒక్క మాటా వినిపించడం లేదు. మెకానిక్కులు బండ్ల కిందినుంచి బయటికొచ్చారు. మెట్లమీదివాళ్ళు చెవులు మూసుకున్నారు. ముందు సీట్లోని ముసలావిడ లేచి, మెడ చాచి చూసింది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. బస్సంతా లేచి నిలబడి చూసింది. హారన్ మీద నుదురు పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి, ఆ చప్పుడు మధ్యలో మనిషి నిద్రపోతున్నాడు. రెప్ప కూడా అదరడం లేదు.

ముసలావిడ మారు మాట్లాడకుండా తన సంచీ తీసుకుని దిగింది. వెనకే ఒక్కొక్కరూ దిగసాగారు. డబ్బులు తిరిగివ్వమని ఎవరూ చేయి చాపలేదు.

కండక్టరమ్మ అతని తల కింద అరచేయి పెట్టి, మెల్లగా ఎత్తి, కిటికీ వైపు వాల్చింది. చప్పుడు ఆగింది. అతని భుజం మీది తువ్వాలు తీసి మడిచి, చెంపకీ కిటికీ చట్రానికీ మధ్య దోపింది. బండి తాళంచెవి తిప్పి, తీసి, పిడికిట్లో పెట్టుకుంది. కంట్రోలరు కింద నిలబడి చేయి చాపాడు, ఇమ్మని.

ఆమె అతని వైపు చూడలేదు. ఎండ ఇంకా డ్రైవరు మొహాన పడుతోంది. లేచి, ఎండకి అడ్డంగా నిలబడింది.